బాగున్న మనిషి కావాలి

మొన్న మా వదిన పెద్దకర్మకి పేట నుంచి ఒక కొత్త నాయకుడొచ్చాడు. మైకు పట్టుకుని, ఆమె పుట్టి బుద్ధెరిగి ఆసుపత్రి గడప తొక్కని మనిషనీ, ఉక్కులాంటి ఆరోగ్యమనీ, అలాంటి మనిషిని గుండె ఉన్నట్టుండి మోసం చేసిందనీ చెప్పాడు. షామియానా కింద కూర్చున్న ఆడవాళ్లలో సన్నగా నవ్వు మొదలైంది. నవ్వకూడని చోటు కాబట్టి అందరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను. ఆయనకేం తెలుసు పాపం, మా వదిన ఏటా నాతోపాటు గుంటూరు వచ్చి ఎమ్మారై మిషన్లో తల పెట్టేదని. మా ఊళ్లో పలకపట్టే పిల్లలకి కూడా తెలిసిన సంగతి అది.

సొంత వదిన కాదు, వీధిలో వరస. రొంపిచెర్ల దగ్గర మా ఊరు. ఆడవాళ్లకి రిజర్వేషను వచ్చినప్పుడు ఒక దఫా ఊరికి ప్రెసిడెంటుగా చేసింది. పదవి దిగిపోయాక కూడా ఆమె ప్రెసిడెంటమ్మే. చుట్టుపక్కల ఊళ్లలో పెళ్లాం ప్రెసిడెంటయితే మొగుడు కుర్చీలో కూర్చునేవాడు. మా ఊళ్లో మాత్రం మొగుడు బండి స్టాండు వేసి బయట నిలబడేవాడు. ఆయన సంగతి ఎత్తితే, మీ అన్న మంచోడే, బండి బాగా తోలతాడు అనేది. ఆయన విని నవ్వుకునేవాడు.

ఎవరినైనా తిట్టాలంటే వదిన ముందు వాళ్ల నడినెత్తిన అరచెయ్యి పెట్టేది. పుచ్చకాయ కొనేవాళ్లు తట్టి చూసినట్టు రెండుసార్లు తట్టి, "విను" అని మొదలుపెట్టేది. ఎమ్మార్వో ఆఫీసులో గుమాస్తా తల మీద కూడా అలాగే పెట్టిందని చెప్పుకుంటారు. పెట్టే ఉంటుంది. ఆ చెయ్యి బరువుగా, వెచ్చగా, మిరపకాయల ఘాటుతో ఉండేది. తిట్టు మర్చిపోతాం కానీ చెయ్యి మర్చిపోలేం.

ఆమెకున్న గర్వమల్లా ఆరోగ్యమే. నగలున్నాయి, పొలం ఉంది, కొడుకు బుద్ధిమంతుడు. వాటి గురించి ఒక్కనాడూ గొప్పలు పోలేదు. తలనొప్పి అంటే ఎట్టా ఉంటదే అని మాత్రం మమ్మల్ని అడిగేది. సూది అంటే గేదెలకు వేసేదే తనకు తెలుసనేది. కోతల రోజుల్లో కూలీలతో సమానంగా ఎండలో తిరిగి, ఇంటికొచ్చి పచ్చి ఉల్లిపాయ నంజుకుని జొన్నరొట్టె తినేది. పక్కన ఎవరైనా మాత్ర వేసుకుంటుంటే జాలిగా చూసేది. ఆ జాలి చూస్తే నాకు ఒళ్లు మండేది, ఎందుకంటే మాత్రలు వేసుకునేది నేనే.

నాకు ఫిట్సు. పదో తరగతిలో మొదలయ్యాయి. మాత్రలకు అణిగాయి. పెళ్లయింది, కూతురు పుట్టింది, ఊళ్లోనే అంగన్‌వాడీ టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఇక పీడ వదిలిందిలే అనుకుంటున్నంతలో ఒకరోజు సెంటర్లో, పిల్లలకు పాట నేర్పుతుండగా, నా ఎడమ బొటనవేలు దానంతటది కొట్టుకోవడం మొదలుపెట్టింది. అది నాకు తెలిసిన గుర్తే. ఆ పిల్లల్లో ఒళ్లో కూర్చున్న ఒక పాపని దించాలనుకున్నాను. అంతవరకే గుర్తుంది.

తెలివొచ్చేసరికి మొహం నిండా నీళ్లు, ముక్కు దగ్గర ఎవరిదో చెప్పు, గుప్పిట్లో వదిన బీరువా తాళాల గుత్తి. ఇనుము పట్టుకోమని ఆమె అంత గట్టిగా నొక్కింది కాబోలు, నా అరచేతిలో తాళాల అచ్చులు పడ్డాయి. నా ఒళ్లోంచి జారిపడ్డ పాపకి పెదవి చిట్లింది. వాళ్లమ్మ మా ఎదురింటి కోడలు. పాపని ఎత్తుకుని, నా వైపు ఒక చూపు చూసి వెళ్లిపోయింది. ఆ చూపులో కోపం ఉంటే సరిపెట్టుకునేదాన్ని. భయం ఉంది.

మర్నాటి నుంచి సెంటరుకి పిల్లలు రాలేదు. వండిన పప్పన్నం, ఉడికించిన గుడ్లు అలాగే ఉండిపోయాయి. సూపర్‌వైజరు మేడం వచ్చి, తనకైతే నా మీద ఏ కోపం లేదనీ, కానీ తల్లులు నమ్మకంగా పిల్లల్ని పంపకపోతే ఉద్యోగంలో ఉంచడం తన చేతిలో లేదనీ మెత్తగానే చెప్పింది. ముందు గుంటూరు వెళ్లి మంచి డాక్టరుకి చూపించుకో, తర్వాత తల్లులందరినీ కూర్చోబెట్టి మాట్లాడదాం అంది. ఊళ్లో నన్ను ఫలానావారి కోడలనో ఫలానా ఆయన పెళ్లామనో కాకుండా 'టీచరు' అని పిలిచేది ఆ ఉద్యోగం వల్లే. అది పోతే నాకు మిగిలేది ఫిట్సులామె అన్న పేరొక్కటే. అందుకని ఏడ్చాను.

గుంటూరులో డాక్టరమ్మ ఓపిక ఉన్న మనిషి. నా తలలో కుడివైపు ఒక చుక్క ఉందని చూపించింది. బద్దెపురుగు గుడ్డు ఎప్పుడో చిన్నప్పుడు సరిగా కడగని ఆకుకూరతోనో నీళ్లతోనో కడుపులోకి పోయి, రక్తంలో కలిసి మెదడు చేరి, అక్కడే చచ్చి సున్నపు చుక్కలా గడ్డకట్టిందట. పందిమాంసం ముట్టనివాళ్లకీ వస్తుందట. అలాంటి చుక్కలున్న వాళ్ల మీద వాళ్లు ఒక పరిశోధన చేస్తున్నారు. చుక్క ఎలాగూ కనిపిస్తుంది, దాని చుట్టూ ఉన్న మెదడు కండ ఎంత ఆరోగ్యంగా ఉందో చూడటానికి వేరే రకం బొమ్మలు తీస్తారు. ఫిట్సు మళ్లీ వస్తాయో రావో, మాత్రలు ఎంత వాడాలో దాన్నిబట్టి తెలుస్తుందేమోనని ఆశ. అయితే జబ్బు తలలే చూస్తూ కూర్చుంటే బాగున్న తల ఎలా ఉంటుందో తెలియదు కదా, మీ ప్రాంతంలోనే, మీరు తినే తిండే తినే మనిషి, ఏ జబ్బూ లేని మనిషి ఎవరైనా ఉంటే తీసుకురండి అంది.

బాగున్న మనిషి కోసం ఊరంతా వెతికాను. ఒక్కరూ రామన్నారు. బాగున్న తలని తీసుకెళ్లి మిషన్లో పెట్టడం దేనికి, లేనిది తగిలించుకోడానికా అన్నారు. మా ఆడపడుచైతే, చూస్తే ఏదో ఒకటి కనిపిస్తది, చూడకపోతే ఏమీ ఉండదు అంది. ఆ మాట కూడా కొట్టిపారేయలేం.

ఈ సంగతి వదినకి యథాలాపంగా చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"ఏమే, ఊరంతా తిరిగి ఆఖరికి నా దగ్గరికొచ్చావా? బాగున్న మడిసంటే నన్ను మించి ఎవరున్నారే ఈ మండలంలో?"

గుంటూరు ప్రయాణం రోజు ఆమె ముస్తాబై వచ్చింది. జరీ పట్టుచీర, రెండు పేటల గొలుసు, చేతినిండా గాజులు, జడలో బంగారు బిళ్ల. బాగున్న మనిషి కావాలన్నప్పుడు బాగున్నట్టు కనపడాలి కదా అని ఆమె లెక్క. మా అన్న మమ్మల్ని పేట బస్టాండులో దించుతూ, ఎవరి పెళ్లికే అని అడిగాడు. మిషన్‌తో నాకు పాత పరిచయం. ఇనుము, వెండి, బంగారం ఏదీ లోపలికి రానివ్వరని బస్సులో చెప్పాను. ఆమె నమ్మలేదు.

అక్కడ టెక్నీషియను ఒక్కొక్కటే తీయమంటుంటే ఆమె ఒక్కొక్కటే తీసి నా ఒళ్లో పోసింది. జరీ కూడా లోహమేనన్నాడు. చీర మార్చి ఆసుపత్రి గౌను వేశారు. పిన్నీసులు, జడపిన్నులు, మట్టెలు అయ్యాయి. ముక్కుపుడక రాలేదు. పెళ్లిలో బిగించిన మర, సబ్బునీళ్లు పోసి తిప్పితే కళ్లనీళ్లతో ఊడింది. చివరికి పుస్తెల దగ్గర ఆగిపోయింది. ఈ అవస్థ నాకు తెలుసు కాబట్టి ముందే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి తెచ్చాను. అది ఆమె మెడలో కట్టి, పుస్తెలు తీసి భద్రం చేశాను. బోసి మెడతో, బోసి ముక్కుతో, పొట్టి గౌనులో నిలబడి ఆమె తనని తాను అద్దంలో చూసుకుంది. మీ అన్న చూస్తే గుర్తుపట్టడు, కొత్త పెళ్లికూతురనుకుంటాడు అంది. నేను అంతగా నవ్వి అప్పటికి చాలా రోజులైంది.

లోపలికి పోయాక ఇంకో తంటా. బొమ్మలన్నీ చెదిరిపోయాయని టెక్నీషియను తల పట్టుకున్నాడు. కదలొద్దని చెప్పాను కదమ్మా అంటే, చెయ్యి కదిపానా కాలు కదిపానా అని ఎదురడిగింది. ఆమె లోపల పడుకున్నంతసేపూ మాట్లాడుతూనే ఉంది. బోరు బండిలాగా ఆ మోత ఏందని, గాలి ఎటునుంచి వస్తోందని, బయట మరదలు అన్నం తిన్నదా లేదా అని. కదలకూడని వాటిలో నోరు కూడా ఉందని ఆమెకి తట్టలేదు. మళ్లీ తీశారు. ఆ రెండోసారి మా వదిన నోరు మూసుకుని పడుకుంది, నా కోసం. అంతసేపు ఆమె మౌనంగా ఉండటం అంతకుముందు ఎవరూ ఎరగరు.

కొన్ని వారాలకు ఇద్దర్నీ రమ్మని ఫోనొచ్చింది. నాది నేను ముందే చూశాను కాబట్టి నాకు భయం లేదు. డాక్టరమ్మ మాత్రం నన్ను బయట కూర్చోమని, వదినతో విడిగా మాట్లాడాలంది. వదిన ఒప్పుకోలేదు. ఆమె తల కోసమే వచ్చాను, ఆమె ముందరే చెప్పండి అంది.

తెర మీద రెండు తలలు పక్కపక్కన పెట్టారు. నా చుక్క కుడివైపు. వదిన చుక్క ఎడమవైపు. అదే పరిమాణం, అదే తెలుపు. నేను ముందు చూశాను, తర్వాత వదిన చూసింది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఇలాంటి చుక్కలు ఉన్నట్టు కూడా తెలియకుండా బతికేవాళ్లు మన దగ్గర చాలామంది ఉంటారట. వదిన చుక్క చుట్టూ కండ మామూలుగా ఉంది. నా చుక్క చుట్టూ కాస్త గట్టిపడి మచ్చకట్టింది, అక్కడే కరెంటు అదుపు తప్పుతోంది. వదినకి ఫిట్సు రాలేదు, రాకపోవచ్చు కూడా. మందులేమీ అక్కర్లేదు. కాకపోతే బాగున్నవాళ్ల వరసలోంచి ఆమెని తీసెయ్యాలి. దానికి బదులు ఏటా వచ్చి బొమ్మ తీయించుకుంటే ఇంకా మేలు చేసినవారవుతారు అంది.

"అంటే నేను బాగున్నదాన్ని కానా?" అని అడిగింది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

బస్సులో ఫిరంగిపురం దాటేదాకా ఆమె కిటికీలోంచి చూస్తూనే ఉంది. ముక్కుపుడక మళ్లీ పెట్టుకోలేదు. పేట బస్టాండులో దిగాక నా చెయ్యి పట్టుకుంది. "ఊళ్లో చెప్పమాకే" అంది. ఆమె ఎవరినైనా ఏదైనా బతిమాలగా నేను చూడటం అదే. కారణం నాకు తెలుసు. ఆ ఏడు జెడ్పీటీసీకి ఆమెనే నిలబెడతారని ఊరూవాడా అనుకుంటున్నారు. మా పల్నాడులో ఎదటి వర్గానికి కావలసింది ఒక్క మాట. తలలో పురుగున్న మనిషి అన్న మాట దొరికితే ఇక గోడల మీద రాస్తారు. చెప్పనని ఒట్టేశాను.

తర్వాత తల్లుల మీటింగు పెట్టారు. సెంటరు వరండాలో తల్లులు, సూపర్‌వైజరు మేడం, గోడకి ఆనుకుని నేను. డాక్టరమ్మ చెప్పిందంతా నేను చెప్పాను. అంటుకునే జబ్బు కాదని, మాత్ర మార్చారని, గుర్తు తెలియగానే పిల్లల్ని ఆయాకి అప్పగిస్తానని. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. అప్పుడు వదిన వచ్చింది. నిలబడి, ప్రెసిడెంటు గొంతుతో, ఈ పిల్ల మీ పిల్లలకి ముక్కులు తుడిచింది, అక్షరాలు నేర్పింది, ఒక్కరోజు జబ్బు చేస్తే వదిలేస్తారా అని గట్టిగా అడిగింది. అందరూ తలలు దించుకున్నారు. ఎదురింటి కోడలు దించలేదు. చంకలో పాప ఉంది, పెదవి మీద గాటు మానినా మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

"మీకేం అత్తా, గట్టి మడిసి, ఎన్నైనా చెప్తారు. ఆ జబ్బు మీ తలకాయలో ఉంటే తెలిసేది" అంది.

ఆ అమ్మాయిని తప్పు పట్టను. బిడ్డ తల్లి. ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే అందును. వదిన చెయ్యి లేచింది. ఆ పిల్ల నెత్తిన పెట్టి తిడుతుందనుకున్నాం అందరం. అరచెయ్యి తన నడినెత్తినే పెట్టుకుంది.

"ఉందే," అంది. "నా తలకాయలోనూ ఉంది. ఈమెకి ఉన్నదే, ఇంతే ఉంది. టీవీలో చూపిచ్చారు. నాదేమో పడుకుంది, ఈమెది లేచింది. నా గొప్పేం లేదు దాంట్లో, ఈమె తప్పూ లేదు."

నేను ఒద్దన్నట్టు తల ఊపుతూనే ఉన్నాను, ఆమె నా వైపు చూడలేదు. తర్వాత చాలా మామూలుగా, పొలంలో రాయి కథ చెప్పింది. రెండు చేలల్లోనూ రాయి ఉంది, ఒక చేలో నాగలికి తగలదు, ఇంకో చేలో తగులుద్ది, చేను ఏం చేసిద్ది అని అడిగింది. ఈసారి ఈమె పడిపోతే తాళాలు, చెప్పులు తేవద్దని, పక్కకి తిప్పి పడుకోబెట్టి తల కింద గుడ్డ పెట్టమని, అది తనకి కూడా పనికొచ్చేదేనని చెప్పి కూర్చుంది.

మర్నాడు పొద్దున ఎదురింటి కోడలు పాపని తెచ్చింది. గడప దగ్గర దించకుండా లోపలికొచ్చి, నా ఒళ్లో కూర్చోబెట్టి, పాప జుట్టు సర్ది వెళ్లిపోయింది. మధ్యాహ్నానికి ఇంకొందరు వచ్చారు. వారం తిరిగేలోపు గుడ్లు సరిపోక ఆయా గొణుక్కుంది.

వదినకి మాత్రం అనుకున్నంతా జరిగింది. సీటు ఇంకొకామెకి ఇచ్చారు. తలలో పురుగున్న మనిషి మండలాన్ని ఏం నడుపుతుంది అని ఎదటివాళ్లు అన్నారు. పందిమాంసం తిని ఉంటుందని టీ కొట్ల దగ్గర నవ్వారు. ఆమె నవ్వి ఊరుకుందని నేను రాస్తే అబద్ధం అవుతుంది. కొన్నాళ్లపాటు బజారు దారిన కాకుండా కాలవ గట్టు మీద నుంచి పొలానికి వెళ్లింది. అన్నం తినడం లేదని మా అన్న నా దగ్గరికొచ్చి చెప్పాడు.

తర్వాత ఎలా తేరుకుందో కానీ, తేరుకుని మా ప్రాణాలు తీసింది. ఇంటింటికీ పోయి కరివేపాకు కడిగావా, తోటకూర ఎన్ని నీళ్లలో కడిగావు అని గిన్నెల్లోకి తొంగిచూసేది. పిల్లల గోళ్లు చూసేది. పెళ్లి భోజనాల్లో వంటవాళ్ల చేతులు చూసి గొడవపెట్టుకునేది. పదవిలో ఉన్నప్పుడు కూడా ఆమె మాట అంతగా చెల్లలేదు. కాయగూరల్ని ఉప్పునీళ్లలో వేసి కడగడం మా ఊళ్లో ఇప్పుడు అలవాటైపోయింది, ఎవరు నేర్పారో కొత్తగా వచ్చిన కోడళ్లకి తెలియదు.

ఏటా ఇద్దరం గుంటూరు పోయేవాళ్లం. నూలుచీరలో, మెడలో పసుపుకొమ్ముతో, ఇంటి దగ్గరే అన్నీ తీసేసి బయల్దేరేది. మిషన్లోంచి బయటికి రాగానే, ఈసారి నా ఫోటో బాగా వచ్చిందా అని అడిగేది. నా చుక్క చుట్టూ మచ్చ పెరగలేదని పోయినేడు డాక్టరమ్మ చెప్పింది, ఒక మాత్ర తగ్గించింది. సెంటర్లో మళ్లీ నేను పడిపోలేదు. వదిన పోయిందని డాక్టరమ్మకి ఫోను చేసి చెప్పాను. చుక్క ఉండి ఫిట్సు రానివాళ్లు ఆసుపత్రి ముఖం చూడరనీ, అలాంటి తల తమకి దొరకదనీ, ఇన్నేళ్లపాటు తనంతట తాను వచ్చి పడుకున్న మనిషి ఈమె ఒక్కతేననీ చెప్పింది. ఆమె బొమ్మలు పక్కన పెట్టుకునే ఇప్పటికీ నాలాంటి వాళ్ల బొమ్మలు చదువుతారట.

సీటు పోయిన తర్వాత ఒకరోజు ఆమె సెంటరుకొచ్చి, పిల్లల చిన్న కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. ఎందుకు చెప్పావు వదినా, నేను నోరు విప్పేదాన్ని కాదుగా, దాస్తే దాగేదిగా అని అడిగాను. కోపంగానే అడిగాను.

"ఆ పిల్ల నిన్ను చూసిన చూపు చూశా," అంది. "అంత చూపు ఒక్కదానివే ఎట్టా మోస్తావే? నేను కూడా పక్కన నిలబడితే చెరి సగం అయిద్దనుకున్నా."

సగం కాలేదు వదినా, అసలు మిగల్లేదు అన్నాను.

ఆమె కుర్చీలోంచి కష్టపడి లేచింది. "సర్లే, ఎండెక్కుతోంది, పిల్లల్ని లోపలికి తోలు" అని పొలానికి పోయింది. ఆ రోజు బజారు దారినే పోయింది.